ఐదు పిల్లులతో కావలి నుంచి భువనేశ్వర్‌కి

ప్రశ్న: మాది కావలి. మావారికి భువనేశ్వర్ బదిలీ అయింది. మే నెలాఖరుకు అక్కడ చేరాలి. మా ఇంట్లో ఐదు పిల్లులున్నాయి. ఒక తల్లి, దాని ఇద్దరు కూతుళ్లు, పదకొండేళ్ల గండుపిల్లి ఒకటి ఇంటా బయటా తిరుగుతుంటాయి. ఐదోది నల్లది. ప్రహరీ గోడ మీదే దాని కాపురం, పెడితే తింటుంది గానీ చెయ్యి వెయ్యనివ్వదు. మా అత్తగారు "కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది, చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే వాటి బతుకు అవే బతుకుతాయి" అంటున్నారు. మావారేమో సామాన్ల లారీలోనే అట్టపెట్టెల్లో పెట్టి పంపిద్దామంటున్నారు. మా అమ్మాయి ఒక్కదాన్ని వదిలినా తాను రానంటోంది. రైలు, విమానం, కారు, వీటిలో ఏది మేలు? నిద్రమాత్ర వెయ్యొచ్చా? గాజువాకలో మా ఆడపడుచు ఇంట్లో రాత్రికి ఆగొచ్చు, కాకపోతే వాళ్లకు కుక్క ఉంది. భువనేశ్వర్‌లో మాది మూడో అంతస్తు ఫ్లాటు.
ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ అమ్మాయి మాటే నిలబెట్టండమ్మా. నాలుగూ మీతో రావాలి. ఐదోదాని సంగతి వేరు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

ముందు చేపల మార్కెట్ మాట తేల్చేద్దాం. ఇల్లు మారే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి నోట వచ్చే మాటే ఇది. మార్కెట్లో చేప తలకాయలు దొరుకుతాయి, నిజమే. కానీ అక్కడ ఏ బల్ల కింద చోటు ఎవరిదో ముందే పంచుకున్న పిల్లులుంటాయి, కుక్కలుంటాయి. మీ వంటింటి గడప దగ్గర గిన్నెలో తిన్న పిల్లికి అక్కడ దిగగానే తిండి ధ్యాసే ఉండదు. ఏ బండి కిందో దూరి కూర్చుని, జనం సద్దుమణిగాక ఇంటిదారి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ట్రంకురోడ్డు దాటి ఇంటికి చేరినా తలుపుకి తాళమే కనిపిస్తుంది. పదకొండేళ్ల దానికి అంతకన్నా శిక్ష ఉండదు. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు వదిలేసి పోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

అలాగని అత్తగారి మాటను కొట్టిపారేయకండి. పిల్లి ఇంటిని నమ్ముకుంటుందన్నది పెద్దవాళ్లు కళ్లారా చూసి చెప్పిన మాట. గుమ్మానికి, కుర్చీ కాళ్లకు, మీ కాళ్లకు బుగ్గలు రుద్దుతూ పిల్లి తన వాసన అంటిస్తుంది. ఆ వాసన ఉన్నంత మేరా తన ఇల్లు, అది లేని చోటల్లా పరాయి చోటు. కానీ అదే పిల్లి ఈనిన తర్వాత పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని చెప్పిందీ మన పెద్దవాళ్లే. ఇల్లు మారడం దానికి చేతకాని పని కాదు. చీకటి మూల, మూసినట్టుండే చోటు, తనదైన వాసన ఉంటే ఎక్కడైనా సర్దుకుంటుంది. కాబట్టి మీరు పిల్లుల్ని మాత్రమే కాదు, ఆ వాసననీ భువనేశ్వర్ తీసుకెళ్లాలి. నేను చెప్పే ఏర్పాట్లన్నీ దాని కోసమే. ప్రయాణం రెండు రోజులు. అసలు పని అంతకు ముందు మూడు నాలుగు వారాలు, ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఉంటుంది.

లారీ ఆలోచన పూర్తిగా మానెయ్యమని మీవారికి చెప్పండి. మూసిన లారీలో, మే నెల ఎండలో, బీరువాల మధ్య ప్రాణమున్నదేదీ పెట్టకూడదు. అట్టపెట్టె సంగతి మరీ అన్యాయం. పిల్లి భయంతో ఒక్కసారి ఉచ్చ పోస్తే అడుగు నానిపోతుంది, తర్వాత గోళ్లతో చీల్చుకుని బయటపడుతుంది.

రైల్లో సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ బోగీల్లోకి పెంపుడు జంతువుల్ని రానివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే ఉండాలి, పార్సిల్ ఆఫీసులో విడిగా బుక్ చెయ్యాలి. కూపే దక్కిందో లేదో చార్టు తయారయ్యేదాకా తెలియదు. దక్కకపోతే మిగిలేది గార్డు పెట్టెలో బోను. ఒక్క కుక్కపిల్లకైతే ఈ తిప్పలు పడొచ్చు, నాలుగైదు పిల్లులకు వద్దు. విమానమైతే ఇండిగో పెంపుడు జంతువుల్ని అసలు ఎక్కించుకోదు. ఎయిర్ ఇండియా, ఆకాశ ఎయిర్ ఎక్కించుకుంటాయి గానీ బరువుకూ సంఖ్యకూ పరిమితులున్నాయి. పైగా మీరు ముందు చెన్నైకో తిరుపతికో గన్నవరానికో రోడ్డు మీదే వెళ్లాలి. కారే మేలు. కావలి నుంచి భువనేశ్వర్ దాదాపు 1,000 కిలోమీటర్లు, మొదటినుంచి చివరిదాకా 16వ నంబరు జాతీయ రహదారే. గాజువాకకు సగం దూరం దాటేస్తారు, కాబట్టి రాత్రి మజిలీకి మీరనుకున్న చోటు సరైనదే.

ఇక్కడ మీ ప్లానులో ఒక మార్పు చెప్తాను. మే నెలాఖరంటే రోహిణి కార్తె. ఉద్యోగంలో చేరాల్సింది మీవారు, పిల్లులు కాదు. ఆయన్ని రైల్లో ముందు పంపించండి. సామాను కూడా ముందే వెళ్లిపోనివ్వండి. ఆయన అక్కడ ఒక గది సిద్ధం చేసి, జాలీలు బిగించి, సెలవు చూసుకుని వస్తే అందరూ కలిసి జూన్‌లో, నాలుగు చినుకులు పడ్డాక బయల్దేరండి. ప్యాకర్స్ మనుషులు తలుపులు బార్లా తీసి మంచాలు మోస్తుంటే అదే రోజు పిల్లుల్ని బుట్టల్లోకి ఎక్కించే గండం దీంతో తప్పిపోతుంది. ఇల్లు మారేటప్పుడు పిల్లులు ఎక్కువగా తప్పిపోయేది దారిలో కాదు, ఆ సామాన్లు ఎత్తే పూటే.

ఇక బుట్టలు. గోనెసంచి, కోళ్లగంప, కూరగాయల ట్రే మీద ట్రే వేసి తాడు కట్టడం ఇవేవీ వద్దు. ముందు ఇనుప తలుపు, పైమూత ఊడదీసే వీలు ఉన్న గట్టి ప్లాస్టిక్ బుట్టలు పెట్ షాపుల్లో దొరుకుతాయి. పిల్లికో బుట్ట. తల్లీకూతుళ్లే కదా అని రెండింటిని ఒకదాంట్లో పెట్టకండి. భయపడ్డ పిల్లికి పక్కనున్నది కూతురని గుర్తుండదు, దాన్నే చీరేస్తుంది.

బుట్టల్ని ఇవాళే కొని పైమూతలు తీసేసి అవి పడుకునే చోట నేల మీద పెట్టండి. అడుగున వాటి పాత దుప్పటి ముక్క, ఉతక్కుండా వెయ్యండి. మీ ఊళ్లో నెత్తళ్లకు కొదవ లేదు. ఉప్పు పోయేలా నానబెట్టి కడిగిన ఎండు నెత్తళ్లు రెండు మొదటిరోజు బుట్ట అంచున పెట్టండి. పిల్లి మెడ చాచి, వెనక కాళ్లు బయటే ఉంచి, నోట కరుచుకుని వెనక్కి గెంతుతుంది. చూడనట్టు ఉండండి. రోజూ కాస్త లోపలికి జరుపుతూ పోతే నాలుగో రోజుకో ఐదో రోజుకో నాలుగు కాళ్లూ లోపల పెడుతుంది, అక్కడే కూర్చుని నములుతుంది. అప్పుడు పైమూత బిగించండి, తలుపు మాత్రం తీసే ఉంచండి. వారం తర్వాత తింటుండగా తలుపు మూసి, తినడం అవగానే తెరవండి. ఆ తర్వాత బుట్టతో సహా ఎత్తి కారులో పెట్టి వీధి చివరిదాకా తిప్పి తీసుకురండి. మధ్యాహ్నం దానంతటది వెళ్లి ఆ బుట్టలో నిద్రపోయిన రోజున మీ పని సగం అయిపోయినట్టే. ఎన్ని రోజులు పడుతుందన్నది పిల్లిని బట్టి ఉంటుంది, తొందరపెడితే మళ్లీ మొదటికొస్తుంది.

మీ పిల్లులు ఇన్నాళ్లూ పెరట్లో మట్టి తవ్వుకుని పని కానిచ్చుకున్నవి. ఫ్లాటులో పెరడు ఉండదు. ఈ వారమే వెడల్పాటి టబ్బుల్లో ఆ పెరటి మట్టే పోసి ఇంట్లో పెట్టండి. అలవాటయ్యాక కొంచెం కొంచెంగా ఇసుక గానీ బజారులో కొన్న లిట్టర్ గానీ కలపండి. వెళ్లేటప్పుడు వాడిన ఇసుకే ఒక డబ్బాడు మూటగట్టుకోండి, అక్కడ కొత్త టబ్బుల్లో పైన చల్లడానికి. వినడానికి రోతగా ఉండొచ్చు గానీ కొత్త ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో వాటికి చెప్పేది అదే.

పశువుల డాక్టరు దగ్గరకు ఈ వారంలోనే వెళ్లండి. రేబిస్ టీకా మొదటిసారి వేయించాక పూర్తిగా పనిచేయడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. పిల్లులకు వేసే మూడు జబ్బుల టీకా మొదటిసారైతే మూడు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు వెయ్యాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల గురించి మీరేం రాయలేదు. కాకపోతే మాత్రం ఇప్పుడే చేయించండి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు. ఎదకొచ్చిన ఆడపిల్లి ఏ సందు దొరికినా దూకుతుంది, ఆపరేషన్ కాని గండుపిల్లి కొత్త ఇంట్లో గోడగోడకీ ఉచ్చ చిమ్ముతుంది. మీ పదకొండేళ్ల దానికి మాత్రం మత్తు ఇచ్చే ముందు కిడ్నీల రక్తపరీక్ష చేయించమని అడగండి. బయల్దేరేముందు టీకా పుస్తకాలూ ఆరోగ్య ధ్రువపత్రమూ మీ దగ్గరుండాలి.

నిద్రమాత్ర సంగతి. మనుషుల మాత్ర ఏదీ సొంతంగా వెయ్యొద్దు. పారాసెటమాల్ అయితే ఒక్క మాత్రతో పిల్లి ప్రాణం పోవచ్చు. దాన్ని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పూర్తిగా మత్తులో ఉన్న పిల్లి వేడిని తట్టుకోలేదు, వాంతి వస్తే గొంతులో అడ్డం పడుతుంది. మరీ బెదిరిపోయే పిల్లులకు ప్రయాణానికి రెండు మూడు గంటల ముందు ఇచ్చేందుకు డాక్టర్లు గాబాపెంటిన్ రాస్తుంటారు. రాస్తే ఆ మోతాదును ముందు ఒకరోజు ఇంట్లోనే వేసి ఎలా ఉంటుందో చూడండి. బుట్ట అలవాటైన పిల్లికి చాలాసార్లు ఆ అవసరమే రాదు.

ఇప్పుడు గోడ మీది నల్లదాని గురించి. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. చెయ్యి వెయ్యనివ్వని పెద్ద పిల్లిని బలవంతంగా పట్టి మూడో అంతస్తు గదిలో మూసేస్తే అది నెలల తరబడి మంచం కిందే బతకొచ్చు. దానికి అది సుఖం కాదు. అలాగని ఇప్పుడే ఆశ వదులుకోవద్దు. దాని గిన్నెను గోడ మీద నుంచి మెట్టు మీదకు, మెట్టు మీద నుంచి వరండాలోకి, వరండాలో నుంచి తలుపు తీసి ఉన్న పెద్ద బోనులోకి రోజుకో అడుగు జరపండి. బోనులో తినడం అలవాటయ్యాక తలుపు మూసి, దాన్ని తాకకుండా బోనుతోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఆపరేషన్, టీకా రెండూ అక్కడే చేయించండి. ఎక్కడికి వెళ్లినా, ఇక్కడే ఉన్నా అవి దానికి అవసరమే. తర్వాత మిగతా రోజుల్లో మీ అమ్మాయి చేత్తో పెట్టింది తినడం, గదిలోకొచ్చి పడుకోవడం మొదలుపెడితే అదీ వస్తుంది, ఐదో బుట్ట కొనండి. రాకపోతే దాని గోడ మీదే ఉండనివ్వండి. కానీ పక్కింటి వాళ్లెవరైనా నేను పెడతానని నోటితో చెప్పాలి, పెరట్లో దాని గిన్నె చోటు మారకూడదు, తిండి డబ్బులు నెలనెలా మీరు పంపాలి. తన చోట తన తిండి తనకు దొరికే ఏర్పాటు చేసి వెళ్లడం వదిలేసి పోవడం కాదు. ఈ మాట మీ అమ్మాయికి బయల్దేరే ముందురోజు కాకుండా ఇప్పుడే చెప్పండి. ఆ నెల రోజులూ దాన్ని మచ్చిక చేసుకునే పని తనకే అప్పగించండి.

కారు మాట్లాడేటప్పుడు పిల్లులున్నాయని డ్రైవరుకు ముందే చెప్పాలి. పిల్లి ఎదురొస్తే బండి ఆపేవాళ్లు మనవైపు ఇంకా ఉన్నారు. తెల్లవారుజామున మూడింటికి ఇంటి ముందుకు వచ్చాక ఆయన వెనకాడితే మీరు చెయ్యగలిగింది ఉండదు. ఎర్టిగా లాంటి బండిలో వెనక సీటు మడిస్తే బుట్టలన్నీ పడతాయి. కదలకుండా తాళ్లతో కట్టండి, పైన పల్చటి నూలు చీర కప్పండి, ఏసీ గాలి అటు చేరుతోందో లేదో చెయ్యి పెట్టి చూడండి. మామూలు కారు డిక్కీలో మాత్రం పెట్టొద్దు.

ముందురోజు సాయంత్రం పిల్లులన్నిటినీ మంచం, బీరువా లేని ఖాళీ గదిలోకి చేర్చి గడియ పెట్టండి. రాత్రి కొంచెమే పెట్టండి, బయల్దేరే ముందు ఐదారు గంటలు తిండి వద్దు, నీళ్లు ఉండనివ్వండి. మూడింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే గోదావరి దాటుతారు. మొదటి గంట అరుపులే ఉంటాయి, నోటి వెంట సొంగ కారుతుంది, ఒకటి రెండు వాంతులు కావచ్చు. కంగారు పడకండి. చాలా పిల్లులు ఒంగోలు దాటేలోపే మౌనంగా ముడుచుకుంటాయి. కంగారు పడాల్సింది నోరు తెరిచి రొప్పుతుంటే. పిల్లి రొప్పిందంటే ఒంట్లో వేడి ప్రమాదం దాకా వచ్చిందని. వెంటనే ఏసీ పెంచి, పాదాలకూ చెవులకూ తడిగుడ్డ అద్దండి, తగ్గకపోతే డాక్టరును వెతకండి. విజయవాడ దాటగానే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. టిఫిన్‌కి ఆగినప్పుడు ఒకరు ఏసీ వేసుకుని కారులోనే ఉండాలి, వంతులవారీగా తినండి. అరుస్తోంది పాపం అని ఎవరూ ఏ బుట్ట తలుపూ తియ్యకూడదు. రెండో రోజు రంభ దాటాక చిలికా సరస్సు రోడ్డు పక్కనే కనిపిస్తుంది. అమ్మాయికి తప్పకుండా చూపించండి, కారు తలుపు వెంటనే మూసేసి.

గాజువాకలో కుక్కను పిల్లులు చూడకపోవడం ఒక్కటే చాలదు, దాని వాసన కూడా వీలైనంత తగలకూడదు. ఆ కుక్క ఎప్పుడూ వెళ్లని బాత్‌రూమో మేడమీది గదో ముందురోజే నీళ్లతో కడిగించి ఉంచమనండి. తలుపు మూశాక బుట్టల తలుపులు తీసి, మట్టి టబ్బు, నీళ్లు, కాస్త తిండి పెట్టి వదిలేయండి. తినకపోయినా ఫరవాలేదు. పొద్దున మళ్లీ బుట్టల్లోకి రావడం ఇన్నాళ్ల నెత్తళ్ల అలవాటు మీదే ఆధారపడి ఉంటుంది.

కొత్త ఇల్లు మీవారి పని, ఇది ఆయనకు చదివి వినిపించండి. ఫినాయిల్‌తో గానీ డెట్టాల్‌తో గానీ నేల తుడవకూడదు. ఆ రసాయనాలు పిల్లి పాదాలకంటుకుని, అది నాక్కున్నప్పుడు కడుపులోకి పోయి విషమవుతాయి. సబ్బునీళ్లు చాలు. బట్టల మూటల్లో కలరా ఉండలు వెయ్యొద్దు, అవీ విషమే. ఏసీ పైపు కోసం గోడకు చేసిన రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ సందు, వంటింటి గట్టు కింద అరల వెనక ఖాళీ, అన్నిటినీ మూసెయ్యాలి. భయపడ్డ పిల్లి మన పిడికిలి పట్టని సందులోకి కూడా దూరుతుంది. బాల్కనీకి పావురాల కోసం కట్టే నైలాన్ వల చాలదు, కొరికేస్తాయి. ఇనుప జాలీ కావాలి, కిటికీలకు కూడా. దోమల తెరను నమ్మొద్దు.

పిల్లులు చేరాక ఫ్లాటు మొత్తం చూపించకండి. ఒక్క గది చాలు. కావలి దుప్పట్లు ఉతక్కుండా అందులో పరిచి, టబ్బులు ఒక మూల, తిండి ఇంకో మూల పెట్టి, బుట్టల తలుపులు తీసి బయటికొచ్చెయ్యండి. రాత్రికి అమ్మాయిని ఆ గదిలో పడుకోమనండి. కావలిలో తిన్న తిండే రెండు వారాలైనా కొనసాగించండి, ఎండు నెత్తళ్లు సరిపడా తీసుకెళ్లండి. తోకలు ఎత్తి నడుస్తూ, తలుపు దగ్గరకొచ్చి అరుస్తుంటే అప్పుడు రెండో గది తెరవండి. నెలరోజులు గడప దాటనివ్వొద్దు. ఇంటా బయటా తిరిగినవి కాబట్టి సాయంత్రాలు గోల చేస్తాయి. ఆ వేళకే తాడు కట్టిన ఈకతో పరిగెత్తించి, అలసిపోయాక అన్నం పెట్టండి. మెడకు సాగే పట్టీ, దాని మీద మీ ఫోను నంబరు కావలి నుంచే ఉండాలి.

రెండు విషయాల్లో మాత్రం ఆలస్యం చెయ్యకండి. ఏ పిల్లైనా రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది, బొద్దుగా ఉన్నదానికి మరీ. గండుపిల్లి టబ్బులో కూర్చుని ముక్కుతూ ఉచ్చ పొయ్యలేకపోతుంటే మూత్రం అడ్డుపడిందని అర్థం, అది గంటల్లో ప్రాణం మీదకు తెస్తుంది, ఆ రాత్రే పరిగెత్తాలి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వెటర్నరీ కాలేజీ ఉంది. మీవారు ఇల్లు చూసుకోవడానికి వెళ్లినప్పుడే అక్కడికి దారి, రాత్రిపూట చూసే డాక్టరెవరో కనుక్కుని రావాలి.